ఒకే విల్లుతో సాధన చేయాలా, పలు విళ్లు మార్చుకోవాలా: నిర్ణయించుకునే పద్ధతి

సంప్రదాయ విలువిద్య మొదలుపెట్టిన కొద్ది నెలలకే రెండో విల్లు మీదికి మనసు పోవడం చాలామందికి అనుభవమే. కొనలు ముందుకు వంగి ఉండే రికర్వ్‌తో మొదలుపెట్టిన వారిని, పొడవైన లాంగ్‌బో నిండు వంపు ఆకర్షిస్తుంది. లాంగ్‌బో పట్టిన వారికి, గుర్రం మీద నుంచి వేసేందుకు పుట్టిన పొట్టి గుర్రపు విల్లు ఎలా ఉంటుందో చూడాలనిపిస్తుంది. తేలిక విల్లుతో గురి కుదిరిన వారు బరువైన దాని కోసం చెయ్యి చాపుతారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే గురి చూపే సైటు గాని, లాగడం పూర్తయిందని చప్పుడు చేసి చెప్పే క్లిక్కర్ గాని, పూర్తిగా లాగాక బరువును తగ్గించే కాంపౌండ్ చక్రాలు గాని లేని ఈ విద్యలో విల్లును మార్చడం చిన్న విషయం కాదు. సైటు ఉన్న విల్లు మారినప్పుడు సైటును కాస్త జరిపితే చాలావరకు సరిపోతుంది. సంప్రదాయ విల్లు మారినప్పుడు సర్దుకోవలసిన భారమంతా విలుకాడి భుజాలు, వేళ్లు, కళ్ల అలవాటు మీద పడుతుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. లాగడం, లాగిన చేతిని ముఖం మీద ఒకే చోట ఆపడం, నారిని విడవడం అనే మూడూ స్థిరపడేదాకా ఒక్క విల్లే ఉండాలి. అవి స్థిరపడిన తరువాత ఎన్ని విళ్లయినా ఉండవచ్చు గాని, వాటిలో ఒకటి ప్రధానమైనదిగా ఉండాలి. మిగిలిన వాటిని దానికి వీలైనంత దగ్గరగా అమర్చుకోవాలి. ఈ మాట ఎందుకు అంటున్నానో, దీన్ని మీ సాధనలో మీరే ఎలా పరీక్షించుకోవచ్చో కింద వివరిస్తాను.

విల్లు మారితే ఏమేమి మారుతాయి

అన్నిటికంటే ముందు మారేది పిడి. చాలామంది లాగుడు బరువు, అంటే విల్లును లాగి పట్టడానికి కావలసిన బలం, గురించి ఆలోచిస్తారు గాని, నేను చూసినంతలో గురిని ఎక్కువగా చెడగొట్టేది పిడి తేడాయే. ఎత్తైన పిడి ఉన్న రికర్వ్‌లో మణికట్టు నిటారుగా నిలిచి, ఒత్తిడి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉండే మెత్తని మడత మీద పడుతుంది. తిన్నని పిడి ఉన్న లాంగ్‌బోలో అరచేతి మడమ విల్లుకు ఆనుకుంటుంది. ఒత్తిడి పడే చోటు కిందికి జరిగితే పై కొమ్ముకూ కింది కొమ్ముకూ మధ్య భారం పంచుకోవడం మారి, బాణం తగిలే ఎత్తు మారుతుంది. పిడి సన్నబడితే, తెలియకుండానే వేళ్లు బిగుసుకుని విల్లును ఒక పక్కకు మెలితిప్పుతాయి. అప్పుడు బాణాలు కుడి ఎడమలకు చెదురుతాయి. విలుకాడు మాత్రం తన విడుపులో లోపం ఉందనుకుని, బాగానే ఉన్న విడుపును సరిదిద్దడానికి కూర్చుంటాడు. విల్లు మార్చినప్పుడు కలిగే అసలు నష్టం ఇదే: లోపం ఎక్కడుందో కనిపెట్టే ఆధారం పోతుంది.

రెండోది లాగుడు బరువు. విల్లు మీద రాసి ఉండే పౌండ్ల సంఖ్య సాధారణంగా 28 అంగుళాల లాగుడుకు కొలిచినది. ఆ ప్రాంతంలో ఒక్కో అంగుళానికి సుమారు 2 నుంచి 3 పౌండ్ల తేడా వస్తుంది. కాబట్టి 45 పౌండ్లని రాసిన విల్లును 26.5 అంగుళాలే లాగే మనిషి వేళ్ల మీద పడేది 41 పౌండ్లకు అటూ ఇటూ మాత్రమే. పిడి లోతు, విల్లు ఆకారం మారితే మీరు లాగే పొడవు కూడా అర అంగుళం వరకు మారవచ్చు. అందువల్ల రెండు విళ్ల మీద ఒకే సంఖ్య ఉన్నా, మీ చేతిలో అవి ఒకే బరువు కాకపోవచ్చు. వేలాడదీసే చిన్న త్రాసుతో మీ సొంత లాగుడు దగ్గర రెండింటినీ తూచి చూడడం ఒక్క నిమిషం పని. ఆ తూకం లేకుండా చేసే పోలికలన్నీ ఊహలే.

మూడోది బాణం. నారి విడిచిన క్షణంలో బాణం కర్రలా నిటారుగా దూసుకుపోదు. వెనుక నుంచి వచ్చిన తోపుకు వంగి, విల్లు పక్కగా తప్పుకుని, తిరిగి ఎదురు వైపుకు వంగుతూ, ఆ ఊగిసలాట తగ్గాక తిన్నబడుతుంది. ఎంత వంగాలన్నది బాణం ఆనేందుకు విల్లు నడుమ పక్క నుంచి ఎంత లోతుగా చెక్కారన్న దాని మీద ఆధారపడుతుంది. నారి గీత (నారికి సరిగ్గా ఎదురుగా ఉండే విల్లు నడిమి గీత) దాకా, లేదా దానికి ఇంకా లోపలికి చెక్కిన రికర్వ్ బిరుసైన బాణాన్ని కూడా కొంత వరకు భరిస్తుంది. నారి గీత దాకా చెక్కని లాంగ్‌బోకూ, అసలు చెక్కడమే లేక బాణం చేతి మీదే ఆనే గుర్రపు విల్లుకూ అదే లాగుడు బరువులో ఇంకా మెత్తని బాణం కావాలి. కుడిచేత్తో లాగే వారికి మరీ బిరుసైన బాణం ఎడమకు, మరీ మెత్తనిది కుడికి పోతుంది. అంటే ఒకే అంబులపొదిలోని బాణాలతో రెండు విళ్లనూ పరీక్షించి, వాటిలో ఒకటి 'సూటిగా కొట్టదు' అని తీర్పు చెప్పడం ఆ విల్లుకు అన్యాయం చేయడమే.

బాణాల బిరుసును తెలిపే స్పైన్ సంఖ్యల్లోనూ ఒక చిక్కు ఉంది. కార్బన్ బాణాన్ని 28 అంగుళాల దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 1.94 పౌండ్ల బరువు వేలాడదీసి, ఎంత కుంగిందో చూస్తారు; అర అంగుళం కుంగితే అది 500 స్పైన్. చెక్క బాణానికి వాడుకలో ఉన్న పాత పద్ధతి వేరు: ఆధారాల మధ్య 26 అంగుళాలు, బరువు 2 పౌండ్లు, కుంగిన అంగుళాలతో 26ను భాగిస్తే వచ్చేది పౌండ్లలో స్పైన్. 0.52 అంగుళం కుంగిన చెక్క బాణం 50 పౌండ్ల బాణమవుతుంది. కాబట్టి రికర్వ్‌కు కార్బన్, లాంగ్‌బోకు చెక్క వాడేవారు ఆ సంఖ్యలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఈకలు లేని బాణాన్ని ఈకలున్న వాటితో కలిపి వదిలి, అది ఏ పక్కకు పోతున్నదో ఒక్కో విల్లుకు విడివిడిగా చూసుకోవాలి.

ఇక బాణపు మొనను ఆధారంగా చేసుకుని గురి చూసే వారికి, మొన సరిగ్గా గురి మీద నిలిచే దూరం ప్రతి విల్లుకూ మారుతుంది. బాణం వేగం పెరిగితే ఆ దూరం పెరుగుతుంది. బాణం పొడవు పెరిగితే తగ్గుతుంది. మూడు వేళ్లూ బాణం కిందనే పెట్టి లాగితే బాణం కంటికి దగ్గరై, మళ్లీ తగ్గుతుంది. మొన చూడకుండా గురి మీదే చూపు నిలిపి వదిలేవారు తమకు ఈ బాధ లేదనుకుంటారు. నిజానికి వారి మనసు కూడా అదే వంపు దారిని గుర్తుపెట్టుకుంది. దాన్ని సంఖ్యల్లో చెప్పలేకపోవడం వల్ల విల్లు మారినప్పుడు సర్దుకోవడానికి వారికే ఎక్కువ సమయం పడుతుందని నా నమ్మకం.

ముందుగా కొలవండి

ఏ నిర్ణయమైనా ఇష్టం మీద కాక కొలత మీద నిలబడాలి. మీ దగ్గర రెండు విళ్లు ఉంటే ఈ పరీక్ష చేయండి. ఒక్కో విల్లుకు సరిపడే బాణాలు సిద్ధం చేసుకుని, 15 మీటర్ల దూరం నుంచి, శరీరం వేడెక్కేందుకు ఒక డజను బాణాలు వదిలాక, మొదటి విల్లుతో ఆరేసి బాణాల చొప్పున అయిదు విడతలు వేయండి. ప్రతి విడతలోనూ అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు బాణాల మధ్య కొలత రాసుకోండి. ఆరు బాణాల గుంపు నడిమి భాగం మీరు చూసిన గురికి ఎటువైపు, ఎంత దూరంలో పడిందో కూడా రాయండి. తరువాత విరామం లేకుండా రెండో విల్లు తీసుకుని అలాగే అయిదు విడతలు వేయండి. చివరగా మళ్లీ మొదటి విల్లు పట్టి ఒకే ఒక్క విడత వేయండి. బాగా రాలేదని ఏ బాణాన్నీ లెక్కలోంచి తీసేయకూడదు. ఒక్క రోజు ఫలితం మీద ఆధారపడకుండా, వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు ఇది చేయాలి.

ఇందులో చూడవలసింది మొత్తం మీద ఏ విల్లు బాగా కొట్టిందన్నది కాదు. రెండో విల్లుతో వేసిన మొదటి ఆరు బాణాలు, తిరిగి మొదటి విల్లు పట్టినప్పటి ఆరు బాణాలు, ఈ రెండు విడతలూ అసలు సంగతి చెబుతాయి. గుంపు చెదరకుండా, పైకో కిందికో జరిగి మాత్రమే పడితే, మీ శరీరం చేసే పని నిలకడగానే ఉంది. మారినది బాణం దారి ఒక్కటే. అలాంటి వారు రెండు విళ్లు ఉంచుకోవచ్చు, కొద్ది సాధనతో ఆ తేడా సర్దుకుంటుంది. గుంపే వెడల్పుగా చెదిరిపోయిందంటే లాగడంలోనో, పట్టులోనో, విడుపులోనో స్థిరత్వం ఇంకా రాలేదని అర్థం. తిరిగి మొదటి విల్లు పట్టినప్పుడు కూడా చెదిరితే మరీ జాగ్రత్త పడాలి. రెండో విల్లు మొదటిదాన్ని కూడా పాడుచేస్తున్నదన్న మాట. ఈ మూడో ఫలితం వచ్చిన వారు కొన్ని నెలల పాటు రెండో విల్లును సంచిలోంచి తీయకపోవడమే మేలు.

ఒకే విల్లును పట్టుకుంటే

ఏడాది పాటు చేతిలో ఉండబోయే విల్లును ఎంచుకునేటప్పుడు కోరికకంటే ఓర్పు ముఖ్యం. సాధన చివర్లో, అలసిన భుజాలతో కూడా, పూర్తిగా లాగి అయిదు సెకన్లు వణుకు లేకుండా నిలపగలిగిన బరువే మీకు సరైనది. మొదటి బాణానికి లాగగలిగిన బరువును కొలతగా తీసుకుంటే, నలభయ్యో బాణానికి లాగుడు కురచబడుతుంది, నారి ముఖాన్ని తాకకముందే వేళ్లు జారతాయి. పొడవాటి చేతులున్న వారు మరీ పొట్టి రికర్వ్ జోలికి పోకూడదు. లాగుడు చివరి అంగుళాల్లో బరువు ఒక్కసారిగా పెరగడంతో పాటు, నారి చేసే ఇరుకు కోణంలో వేళ్లు నలిగి విడుపు చెడుతుంది.

ఎంతకాలం పట్టుకోవాలన్నదానికి నేను బాణాల లెక్క చెబుతాను. వారానికి నాలుగు రోజులు, రోజుకు 50 బాణాల చొప్పున వేస్తే 50 వారాల్లో పదివేలు అవుతాయి. ఆ పదివేల బాణాలూ ఒకే విల్లు నుంచి, ఒకే రకమైనవిగా ఉండాలి. ఈ సంఖ్యలో మహిమ ఏమీ లేదు. లోపాన్ని వెదకడం, సరిదిద్దడం, సరిదిద్దినది నిలిచిందో లేదో చూడడం అనే చక్రం కొన్నిసార్లు పూర్తిగా తిరగడానికి అంత సమయం పడుతుందన్నది నా అంచనా.

విసుగు వస్తుందన్నది న్యాయమైన అభ్యంతరమే. దానికి మందు విల్లు మార్చడంలో లేదు. దూరాన్ని, వాలును, నిలబడే భంగిమను, గురి పరిమాణాన్ని మార్చడంలో ఉంది. ఒకే చోట నిలబడి ఒకే దూరానికి అరవై బాణాలు వేయడం కంటే, ప్రతి బాణానికీ చోటు మార్చి 8 మీటర్లు, 22 మీటర్లు, 13 మీటర్లు ఇలా వరుస లేకుండా వేయడం ఎక్కువ నేర్పుతుంది. కదలికలు నేర్చుకోవడం మీద జాన్ షే, రాబిన్ మోర్గన్ 1979లో చేసిన ప్రయోగం దీనికి దగ్గరగా ఉంటుంది. చేతితో చిన్న పలకలను నిర్ణీత క్రమాల్లో పడగొట్టే పనిని కొందరికి ఒక్కో క్రమాన్నీ పూర్తిచేశాకే తరువాతిది నేర్పుతూ, మరికొందరికి క్రమాలన్నీ కలగలిపి నేర్పారు. సాధన సాగుతున్నప్పుడు కలగలిపి నేర్చినవారు వెనకబడ్డారు. పది రోజుల తరువాత పరీక్షించినప్పుడు వారే ముందున్నారు.

పలు విళ్లు మార్చేవారు తమ వాదానికి బలంగా చూపగలిగిన ప్రయోగం కూడా ఇదే, అందులో న్యాయం ఉందని నేను ఒప్పుకుంటాను. కాని దాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేయకూడదు. సాధనలో ఉండే కష్టం నేర్చుకునేవాడి స్థాయికి తగినట్లు ఉన్నప్పుడే మేలు చేస్తుందని మార్క్ గ్వాడగ్నోలీ, టిమోతీ లీ 2004లో ప్రతిపాదించారు. దూరం మారినప్పుడు విలుకాడు అదే కదలికను కొత్త గురికి అన్వయిస్తాడు. పిడి, బరువు, బాణం మూడూ ఒక్కసారిగా మారినప్పుడు, ఇంకా కుదురుకోని కదలికనే మొదటి నుంచి వెదుక్కోవలసి వస్తుంది. మొదటి కష్టం కొత్తవారికి తగినది. రెండోది చెయ్యి తిరిగిన వారికి మాత్రమే తగినది.

ఒకే విల్లు మీద ఆధారపడేవారు దానికి అదనపు నారిని తప్పక ఉంచుకోవాలి. కొత్త నారి మొదటి రోజుల్లో సాగుతుంది కాబట్టి, దాన్ని ముందుగానే ఎక్కించి ఒక వంద బాణాలైనా వేసి, నారి ఎత్తు నిలబడ్డాక తీసి దాచాలి. నారి ఎత్తు అంటే పిడి లోపలి గుంట నుంచి నారి దాకా ఉన్న దూరం. నారికి మెలికలు పెంచితే అది పెరుగుతుంది, విప్పితే తగ్గుతుంది. పాత విల్లు కొనలు బలపరిచినవి కాకపోతే, సాగని కొత్తతరం నారి వాటిని చీల్చవచ్చు. అటువంటి దానికి కాస్త సాగే డాక్రాన్ నారి మాత్రమే వాడాలి.

ఒకటికి మించి ఉంచుకుంటే

ఇక్కడ సూత్రమల్లా విళ్ల మధ్య తేడాలను తగ్గించడమే. మీ లాగుడు దగ్గర తూచిన బరువులు 3 పౌండ్లకు మించి తేడా లేకుండా చూసుకోవాలి. పిడులు రెండు రకాలుగా ఉంటే, సన్నని దానికి తోలు చుట్టి అరచేతిలో నింపుదనం సమం చేయవచ్చు. చెక్క పిడి అయితే అరగదీయించవచ్చు. నారి మీద బాణం ఎక్కడ ఎక్కాలో చూపే గుర్తు ఒక్కో విల్లుకు ఒక్కో ఎత్తులో ఉండడం సహజమే గాని, వేళ్లు పట్టే తీరు మాత్రం మారకూడదు. ఒక దానికి బాణానికి అటూ ఇటూ వేళ్లు పెట్టి, మరో దానికి మూడూ కిందనే పెట్టడం కంటే గురిని గందరగోళపరిచేది మరొకటి లేదు. వేలితొడుగు కూడా అన్నిటికీ ఒకటే ఉండాలి.

వీలుంటే బాణాల బరువును ఇలా సర్దుకోండి: బాణం బరువును గ్రెయిన్లలో (పౌండులో 7,000వ వంతు ఒక గ్రెయిన్) తూచి, మీ లాగుడు దగ్గర విల్లు బరువుతో భాగించగా వచ్చే సంఖ్య రెండు విళ్లకూ దాదాపు ఒకటే ఉండాలి. 42 పౌండ్ల విల్లుకు 420 గ్రెయిన్ల బాణం వాడుతుంటే ఆ సంఖ్య 10. 39 పౌండ్ల విల్లుకు 390 గ్రెయిన్ల బాణం సరిపోతుంది. విళ్ల సామర్థ్యం వేరు కాబట్టి వేగం అచ్చంగా ఒకటి కాదు, అయినా బాణం దారులు దగ్గరపడతాయి. ఈ సంఖ్యను తయారీదారు చెప్పిన కనిష్ఠానికి కిందికి పోనివ్వకూడదు. మరీ తేలికైన బాణం వదలడం, బాణం లేకుండా ఖాళీ నారి వదలడం లాగే విల్లుకు చేటు చేస్తుంది. ఒక్కో విల్లు బాణాలకు ఒక్కో రంగు ఈకలు వాడితే, తొందరలో తారుమారు కావు.

ఒక చిన్న పుస్తకంలో ప్రతి విల్లుకూ ఒక పేజీ కేటాయించి, మీ లాగుడు దగ్గర బరువు, నారి ఎత్తు, నారికి ఉన్న మెలికలు, నారి గుర్తు ఎత్తు, బాణపు పొడవు, ములికి బరువు, మొన గురి మీద నిలిచే దూరం రాసి పెట్టండి. ఒక విల్లు నెలల తరబడి మూలన ఉండి తిరిగి చేతికి వచ్చినప్పుడు ఈ పేజీ పనికొచ్చినంతగా జ్ఞాపకం పనికిరాదు.

మార్చే పద్ధతికి కూడా ఒక క్రమం ఉండాలి. సాధన మొదట్లో ప్రధాన విల్లు, తరువాత రెండోది; ఇది మామూలు రోజుల పద్ధతి. రెండోది బరువైనదైతే శరీరం వేడెక్కకముందు దాన్ని ముట్టుకోకూడదు, అలసిపోయాక కూడా ముట్టుకోకూడదు, నడిమి సమయమే దానికి తగినది. చేతికి తీసుకోగానే గురి చూడకుండా, 4 మీటర్ల దూరంలో గుర్తేమీ లేని దిమ్మ మీదికి కళ్లు మూసుకుని పది బాణాలు వేసి, అరచేతిలో ఒత్తిడి ఎక్కడ పడుతోందో గమనించాలి. ఆ తరువాతే వెనక్కి నడవాలి. బాణాలు చెదురుతున్న రోజున, ఆ చెదరడం నుంచి తప్పించుకోవడానికి మాత్రం విల్లు మార్చకండి. కొత్త విల్లు పట్టగానే శ్రద్ధ పెరిగి కాసేపు బాగా కొట్టడం అందరికీ జరుగుతుంది. అది చూసి పాత విల్లులో దోషం ఉందనుకోవడం, రెండు వారాల్లో అదే లోపం కొత్త విల్లులోనూ బయటపడడం నేనూ అనుభవించాను. పోటీకి నెల ముందు నుంచి ఆ పోటీలో వాడబోయే విల్లు తప్ప మరొకటి చేతిలో ఉండకూడదు.

మార్చడమే సరైన సందర్భాలు కూడా ఉన్నాయి. భుజం నొప్పి ఉన్నప్పుడు తేలిక విల్లుకు దిగడంలో సంకోచం అక్కర్లేదు. అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ ఆర్చరీ జరిపే త్రీడీ (జంతువుల బొమ్మలను గురిగా పెట్టే) పోటీల్లో లాంగ్‌బో విభాగానికి చెక్క బాణాలే వాడాలన్న నియమం ఉంది కనుక, వేర్వేరు విభాగాల్లో దిగేవారికి వేర్వేరు అమరికలు తప్పవు. బొటనవేలి ఉంగరంతో ఆకర్ణాంతం లాగి, బాణాన్ని విల్లుకు ఎదురు పక్కన ఆనించే గుర్రపు విల్లు పద్ధతి మూడు వేళ్ల పద్ధతికి ఎంతో దూరం. వింతగా అనిపించినా, ఇంత దూరంగా ఉన్న రెండు పద్ధతులు ఒకదాన్నొకటి తక్కువగా చెరుపుతాయని నా అనుభవం. చేతికి ఉంగరం తొడగగానే ఇది వేరే పని అని శరీరం గుర్తిస్తుంది. దాదాపు ఒకేలా ఉండి కొద్దిగా మాత్రమే భిన్నమైన రెండు రికర్వ్‌ల మధ్య అలాంటి హెచ్చరిక ఏదీ ఉండదు.

వాడకుండా ఉంచిన విళ్లను మరవకూడదు. ఒకే చెక్కతో చేసిన విల్లును ప్రతిసారీ నారి దించే ఉంచాలి. ఎండ పడే చోట, మూసిన వాహనంలో ఏ విల్లునూ పెట్టకూడదు. ఒక మూల ఒరిగించి నిలబెట్టకుండా రెండు కొయ్యల మీద అడ్డంగా పెట్టాలి. తిరిగి తీసినప్పుడు నారి ఎక్కించేందుకు కాలి మధ్య మెలిపెట్టకుండా స్ట్రింగర్ తాడు వాడి, ఎక్కించాక నారి రెండు కొమ్ముల నడిమి గీత మీదుగానే పోతున్నదో లేదో కొన నుంచి చూడాలి.

కొన్నాళ్లు వేరే విల్లుతో తిరిగి ప్రధాన విల్లు దగ్గరికి వచ్చినప్పుడు, మొదటి రోజు నారి ఎత్తును పుస్తకంలోని కొలతతో సరిచూసి, దగ్గరి దిమ్మ మీదికి ఇరవై బాణాలు మాత్రం వేసి ఆపండి. మూడో రోజున 15 మీటర్ల నుంచి పైన చెప్పిన అయిదు విడతలు వేసి, గుంపు వెడల్పు పాత అంకెకు చేరిందేమో చూడండి. చేరకపోతే దూరం పెంచకుండా మరో వారం అక్కడే సాధన చేయండి.